ప్రతిపక్షము లేని విజయము

2024వ సంవత్సరము నవంబరు 10వ తేదీన మారిషసు దేశమున సార్వత్రిక ఎన్నికలు జరిగెను. ప్రధాన ద్వీపమందలి 60 స్థానములను ఒక్క కూటమియే గెలుచుకొనెను. అంతవరకు రాజ్యాధికారము నెరపిన కూటమికి ఓటర్లు నేరుగా ఇచ్చిన స్థానము ఒక్కటియు లేదు. ప్రధానమంత్రి ప్రవింద్ జగన్నాథ్‌గారు తమ నియోజకవర్గమునందే ఓడిపోయిరి. నవీన్ రామ్‌గూలామ్‌గారు మరల ప్రధానమంత్రులైరి. ఆ దేశచరిత్రలో 60కి 60 స్థానములును ఒకే పక్షమునకు దక్కుట ఇది మూడవ పర్యాయము. 1982లోను, 1995లోను ఇట్లే జరిగెను.

తరిగొప్పుల యెక్కడ, మారిషసు ఎక్కడ, హిందూమహాసముద్రమున ఏ మూలనో యున్న దీవి యెన్నికలతో మనకేమి పని యని మా పాఠకులు కొందరు ప్రశ్నింపవచ్చును. పని గలదు. విస్తీర్ణమున ఆ దేశము ఇంచుమించు మా జనగామ జిల్లా పాటిది. జనసంఖ్య పండ్రెండున్నర లక్షల ప్రాంతము. ఆ జనులలో మన తెలుగువారి సంతతి కలరు. ఉగాది ఆ రాజ్యమున ప్రభుత్వపు సెలవుదినము. మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో ఆ గడ్డపైననే జరిగెను. ఇంతకంటె ముఖ్యమైన సంబంధము వేరొకటి కలదు. ఆ దీవిలో ఒకప్పుడు తెలుగక్షరమే ఓటుహక్కునకు ఆధారమయ్యెను. ఆ హక్కు ఎట్లు వచ్చెనో, నేడు దాని ఫలమెట్లున్నదో విచారించుట మనకు విధి.

1835లో మారిషసున బానిసత్వము రద్దయ్యెను. చెరకుతోటల యజమానులకు కూలీలు కావలసివచ్చిరి. 1834 నవంబరు 2వ తేదీన కలకత్తానుండి వచ్చిన ‘అట్లాస్’ అను నోడ పోర్టులూయీ రేవున కొందరు భారతీయులను దించెను. అది మొదలు ఇరువదవ శతాబ్ది ఆరంభము వరకు నాలుగున్నర లక్షలకు మించిన భారతీయులు ఆ రేవున దిగిరి. కోరంగి మొదలుగాగల తీరపు రేవులనుండి ఓడలెక్కిన తెలుగు కుటుంబములును వారిలో నుండెను. వారిది ఒడంబడిక కూలి. ఒకదినము పనికి రాకున్న రెండుదినముల కూలి కోతపెట్టుట అచ్చటి ఆచారము. అనుమతిచీటి లేక త్రోవను నడచినవానిని దేశదిమ్మరియని చెరబెట్టుట అచ్చటి చట్టము. వెట్టి యెట్టిదో మా జనగామ ప్రాంతమువారికి వేరుగ చెప్పనక్కరలేదు.

1901లో దక్షిణాఫ్రికానుండి స్వదేశమునకు వచ్చుచు గాంధీమహాత్ముడు కొలదిదినములు ఆ దీవిలో ఆగెను. బిడ్డలకు చదువు చెప్పింపుడనియు, దేశపు రాజకీయములయందు పాల్గొనుడనియు అచ్చటి భారతీయులకు హితవు చెప్పెను. ఆయన ప్రోత్సాహమున 1907లో మణిలాల్ డాక్టర్ అను న్యాయవాది అచ్చటికేగి, న్యాయస్థానములలో కూలీల పక్షమున నిలిచెను. అయినను ఓటు వారికి దూరముగనే యుండెను. 1885 నాటి రాజ్యాంగము ప్రకారము ఆస్తి గల కొలదివేలమందికే ఓటుండెను. మొదటి కూలీలు దిగిన తొంబది సంవత్సరములకు, 1926లోగాని భారతీయ సంతతివారు శాసనసభకు ఎన్నిక కాలేదు. అప్పుడును ఇరువురే. 1937లోను, 1943లోను తోటలయందు కార్మికులు తిరుగబడిరి. 1943 సెప్టెంబరు 27వ తేదీన బెల్‌వూ హారెల్ అనుచోట పోలీసులు కాల్చగా నలుగురు మరణించిరి. వారిలో అంజలై కూపెన్ అను గర్భవతి యొకతె.

ఈ రక్తపాతముల పిమ్మట 1947లో క్రొత్త రాజ్యాంగము వచ్చెను. అందలి ఓటుహక్కు నిబంధన తెలుగువారెల్లరు తెలిసికొనదగినది. ఆస్తి లేకున్నను, ఆ దీవియందు వాడుకలోనున్న కొన్ని భాషలలో ఏదో యొకదానియందు చిన్న చిన్న వాక్యములు చదువను వ్రాయను నేర్చినవారు, స్త్రీలుగాని పురుషులుగాని, ఓటర్లు కావచ్చునని ఆ నిబంధన. ఆంగ్లము, ఫ్రెంచి, హిందుస్థానీ, ఉర్దూ, గుజరాతీ, తమిళము, చీనాభాష, క్రియోలు — వీనితోపాటు ఆ పట్టికయందు తెలుగును ఉండెను. అనగా తెలుగులో నాలుగు మాటలు వ్రాయగల తోటకూలి ఆనాడు పౌరుడయ్యెను. వ్రాయలేనివాడు కూలిగనే మిగిలెను.

అప్పుడు ఆ దీవిలో జరిగిన కార్యము మన గ్రంథాలయోద్యమమును స్మరణకు దెచ్చును. బసుదేవ్ బిసున్‌దయాళ్‌గారి అనుచరులు ఊరూర బైఠకాలు, అనగా రాత్రిబడులు నడిపిరి. పగలెల్ల చెరకు నరికిన చేతులకు సాయంకాలము లాంతరు వెలుతురున బలపము పట్టించిరి. ఫలితమేమి? అంతకుముందు సుమారు 12,000గా నున్న ఓటర్ల సంఖ్య 1948 ఆగస్టు ఎన్నికలనాటికి సుమారు 72,000 అయ్యెను. ఎన్నికైన 19 మందిలో 11 మంది భారతీయ సంతతికి చెందిన హిందువులు. గవర్నరు తన ఇష్టానుసారము 12 మందిని నియమించు అధికారమును నిలుపుకొనెను గాని, ఒకసారి తెరచిన తలుపును మరల మూయుట ఎవరికిని సాధ్యము కాలేదు. 1959లో వయోజనులందరికిని ఓటు వచ్చెను.

అదే 1948 ఆగస్టు మాసమున ఇచ్చట మన స్థితి యేమి? నైజాము రాజ్యమున సభ జరుపుకొనుటకు సర్కారు అనుమతి కావలసియుండెను. గ్రంథాలయము తెరచుటయే అనుమానాస్పదమైన చర్యగ నుండెను. ఆ నెల 27వ తేదీన మాకు సమీపముననున్న బైరాన్‌పల్లిలో రజాకారులు గ్రామస్థులను వరుసగ నిలువబెట్టి కాల్చిచంపిరి. సముద్రమునకు ఆవల తెలుగు కూలి ఓటుపెట్టెయొద్ద నిలుచున్న నెలలోనే, ఈవల తెలుగు రైతు తుపాకియెదుట నిలుచుండెను. మన ప్రాంతమువారు మొదటిసారి వయోజనులుగ ఓటువేసినది 1952లో. ఇంత వెల యిచ్చి కొన్న వస్తువును ఎట్లు వాడుకొనుచున్నామను ప్రశ్న ఉభయులకును చెందినదే.

ఇక మారిషసువారు దానినెట్లు వాడుకొనిరో చూతము. 1967 ఆగస్టు 7వ తేదీన స్వాతంత్ర్యము కావలెనా వలదా యను ప్రశ్నపై ఎన్నికలు జరిగెను. కావలెనన్న పక్షమునకు నూటికి సుమారు 55, వలదన్న పక్షమునకు సుమారు 44 ఓట్లు వచ్చెను. ప్రజలలో సగమునకు కొంచెము తక్కువమంది భయపడిరన్నమాట. 1968 మార్చి 12న దేశము స్వతంత్రమయ్యెను. కాని ఆ శాసనసభ గడువు తీరినను 1972లో ఎన్నికలు జరుగలేదు. రాజ్యాంగమును సవరించి 1976 వరకు పొడిగించిరి. 1971 చివర అత్యవసరస్థితి ప్రకటించి, సమ్మెలు చేయించిన నాయకులను చెరయందుంచిరి. మన దేశమునను 1976లో లోకసభ గడువును పొడిగించిరి. ఈ రెండు దేశముల అనుభవమొక్కటే. గెలిచినవారిని ప్రశ్నించువారు లేనప్పుడు గెలుపునకు గడువుండదు.

2024 ఎన్నికలకు ముందు జరిగినదియు ఈ సందర్భమున స్మరింపదగినదే. ప్రముఖుల టెలిఫోను సంభాషణలు రహస్యముగ విని భద్రపరచినట్లు చూపు ధ్వనిముద్రికలు అక్టోబరులో బయటపడెను. అవి జనులకు చేరకుండుటకై ప్రభుత్వము నవంబరు 1న సామాజిక మాధ్యమములను ఎన్నికలు ముగియువరకు నిలిపివేయ నాజ్ఞాపించెను. దేశమంతట నిరసన లేచుటచే మరునాడే ఆ ఆజ్ఞ ఉపసంహరింపబడెను. పది లక్షలమంది ఓటర్లలో నూటికి సుమారు 79 మంది పోలింగు కేంద్రములకు వెళ్లి తమ తీర్పు చెప్పిరి. ఒక్క కాల్పు లేక, ఒక్క సైనికుడు వీథికి రాక ప్రభుత్వము మారెను. ఆ ప్రజలను మేము మనఃపూర్వకముగ అభినందించుచున్నాము. ఆఫ్రికా, ఆసియా ఖండములయందలి ఎన్ని పెద్ద దేశములకు ఈ భాగ్యము కలదు?

అయినను మేము న్యాయవాదులము. తీర్పును గౌరవించుచునే తీర్పు వ్రాసిన విధమును పరిశీలించుట మా వృత్తిధర్మము. ఓడిన కూటమికి ఆ ఎన్నికలలో నూటికి 27 ప్రాంతమున ఓట్లు వచ్చినవి. నలుగురు ఓటర్లలో ఒకరికంటె ఎక్కువమంది వారిని కోరిరి. వారికి దక్కిన ప్రత్యక్ష స్థానములు సున్న. నూటికి 62 ప్రాంతమున ఓట్లు తెచ్చుకొన్నవారికి ద్వీపమందలి స్థానములన్నియు దక్కెను. ఇది మోసము కాదు, చట్టము. ఆ దీవిని 20 నియోజకవర్గములుగ విభజించిరి. ఒక్కొక్కదానికి ముగ్గురు సభ్యులు, ప్రతి యోటరునకు మూడు ఓట్లు. గాలి ఒకవైపు వీచినచో మూడు స్థానములును ఒకవైపే పోవును. దేశమంతట అదే గాలి వీచినచో 60యు పోవును. రోడ్రిగ్స్ ద్వీపమునకు చెందిన రెండు స్థానములు మాత్రము వేరుగ నుండును.

దీని పర్యవసానమును చరిత్రయే చెప్పుచున్నది. 1982లో 60 గెలిచిన కూటమి తొమ్మిది మాసములకే చీలిపోయి, 1983 ఆగస్టులో మరల ఎన్నికలు వచ్చెను. 1995లో 60 గెలిచిన కూటమి 1997 మధ్యకు విడిపోయెను. ఎదుట ఎవ్వరును లేనప్పుడు లోపలివారే ఒకరికొకరు ప్రతిపక్షమగుదురు. అప్పుడు చర్చ సభలో జరుగదు, మూసిన గదులలో జరుగును. విషయము విధానము గాక పదవి యగును. ప్రజలకు తెలియునది చివరకు చీలిక మాత్రమే.

న్యాయస్థానమున ప్రతివాది హాజరు కానప్పుడు వచ్చు డిక్రీని మేము ఎక్స్‌పార్టీ డిక్రీ యందుము. వాది దావా సత్యమే కావచ్చును. అయినను ఎదుటి న్యాయవాది అడ్డుప్రశ్నలు వేయని సాక్ష్యమును ఏ న్యాయాధిపతియు పూర్ణముగ నమ్మడు. అందుచేతనే అట్టి డిక్రీని రద్దుచేయించుకొనుటకు చట్టము అవకాశమిచ్చినది. శాసనసభలో వచ్చిన ఎక్స్‌పార్టీ డిక్రీని రద్దుచేయు దరఖాస్తు అయిదేండ్లకుగాని దాఖలు చేయ వీలులేదు. ఆ అయిదేండ్లును పన్ను వేయువాడెవడు, లెక్క అడుగువాడెవడు?

ఈ లోపమునకు మారిషసు రాజ్యాంగమున ఒక మందు కలదు. అందు రోగముకంటె మందే చిక్కైనది. ఎన్నికలైన పిదప, ఓడిన అభ్యర్థులలో మంచి ఓట్లు పొందినవారినుండి ఎనిమిదిమంది వరకు సభకు తీసికొందురు. అయితే తీసికొనుటకు కొలమానము సిద్ధాంతము కాదు, మతసముదాయము. హిందువులు, ముస్లిములు, చీనాసంతతివారు అని మూడు వర్గములు. జీవనవిధానమునుబట్టి ఈ మూటిలో దేనికిని చెందనట్లు కనిపించువారందరు ‘సామాన్యజనులు’ అని నాలుగవ వర్గము. 2024లో ఓడిన కూటమికి ఇట్లు రెండు స్థానములు మాత్రమే దొరకెను. ఆ ఇరువురిలో నొకరు ప్రతిపక్షనాయకులైరి. అనగా దేశమున నాల్గవవంతుకు మించిన ఓటర్ల గొంతు సభలో వినబడుటకు, ఆ అభ్యర్థులు ఏ సముదాయమువారను లెక్కయే దారియయ్యెను.

ఈ ఏర్పాటు పుట్టుటకు కారణము లేకపోలేదు. 1948లో ఎన్నికైన 19 మందిలో ముస్లిము ఒక్కడైనను లేడు. స్వాతంత్ర్యమునకు కొలదివారముల ముందు, 1968 జనవరిలో, పోర్టులూయీ నగరమున మతకలహములు చెలరేగెను. చిన్నసముదాయములు భయపడినవి. వారి భయమును తీర్చుట న్యాయమే. ఆ నాయకులను మేము నిందింపము. కాని భయము తీర్చుటకు కట్టిన పందిరిని నిత్యనివాసముగ చేసికొనుట తగదు. ఈ లెక్కకు నేటికిని ఆధారము 1972 నాటి జనగణన. ఆ తరువాతి జనగణనలలో సముదాయమును అడుగుటయే మానిరి. అరువదియేండ్ల వయసున్న వ్యక్తి పసితనమునాటి లెక్కతో మనుమల సభను నింపుచున్నారు. తన సముదాయము ఫలానాయని ప్రకటింపనివాని అభ్యర్థిత్వమునే తిరస్కరించిరి. 2012లో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల సంఘము ఇది పౌరహక్కుల ఒడంబడికకు విరుద్ధమని తేల్చెను. 2014 ఎన్నికలకు మాత్రము ఒక తాత్కాలిక సవరణ చేసి, ప్రకటింపకుండ పోటీచేయ వీలు కల్పించిరి. ఆ సవరణ ఒక ఎన్నికతోనే ముగిసెను.

తెలుగువారి మాట యేమి? ఈ నాలుగు పేర్లలో తెలుగు పేరు లేదు. వారు హిందువులలో లెక్కింపబడుదురు. తమకును వేరు గుర్తింపు కావలెనని కోరు ప్రలోభము చిన్నసముదాయములకు సహజము. మేము ఆ కోరికను సమర్థింపజాలము. 1948లో తెలుగు కూలికి ఓటు దెచ్చినది అతని పుట్టుక కాదు, అతడు నేర్చిన అక్షరము. పుట్టుక ఎవరికిని సాధించిన వస్తువు కాదు. అక్షరము సాధించినది. భాషకు గౌరవము బడియందు, పండుగయందు, గ్రంథాలయమునందు కావలెను. శాసనసభలో కావలసినది అభిప్రాయమునకు చోటు.

మార్గము తెలియక కాదు. 2002లో దక్షిణాఫ్రికా న్యాయమూర్తి ఆల్బీ సాక్స్ అధ్యక్షతనున్న సంఘము, ఇప్పటి స్థానములకు తోడు మరి 30 స్థానములను పార్టీల ఓట్ల నిష్పత్తినిబట్టి పంచవలెనని సిఫార్సు చేసెను. అట్లయిన గెలిచినవాడు గెలిచినవాడుగనే యుండును, ఓడినవాడు మూగవాడు కానక్కరలేదు. తరువాతి ప్రభుత్వములు దానినిగూర్చి మాటలాడినవి, పత్రములు ప్రకటించినవి, 2024 వరకు చట్టము మాత్రము చేయలేదు. గెలిపించిన నిచ్చెనను సరిదిద్దుటకు గెలిచినవారికి తొందర యుండదు. అరువదిస్థానముల బలమున్నప్పుడే ఆ పని చేసిన నాయకుడు చరిత్రలో నిలుచును.

చిన్నదేశమునకు స్థిరమైన ప్రభుత్వము కావలెను, సభలో కలహములెందులకు అని కొందరందురు. మేమంగీకరింపము. స్థిరత్వము వేరు, నిశ్శబ్దము వేరు. ఇదే వాదము మన గ్రామములలోను నిత్యము వినబడుచున్నది. ఊరిలో తగవులెందుకు, సర్పంచిని ఏకగ్రీవము చేయుదమని పెద్దమనుష్యులందురు. 2019 నాటి పంచాయతీ ఎన్నికలలోను, 2025 డిసెంబరు నాటి ఎన్నికలలోను తెలంగాణమున పెక్కు గ్రామములు ఏకగ్రీవమయ్యెను. ఊరంతయు నిజముగ ఒక్కమాటపై నిలిచి ఒక యోగ్యుని ఎన్నుకొన్న అది మెచ్చదగినదే. కాని కొన్నిచోట్ల జరిగినదేమి? పదవిని వేలము వేసిరి. గుడి కట్టించెదనన్నవాడు పది లక్షలనిన, బొడ్రాయి నిలిపెదనన్నవాడు పదునైదనును. మిగిలినవారిచే నామినేషను ఉపసంహరింపజేయుదురు. పేద యిల్లాలు ఓటుచీటి పట్టుకొని యింటనే కూర్చుండును. ఆమె యోటు అమ్ముడుపోయినది, వెల మాత్రము ఆమె చేతికి రాలేదు. పైకమిచ్చి వచ్చిన సర్పంచి ఆ పైకము తిరిగి ఎచ్చటనుండి రాబట్టుకొనునో చెప్పుటకు న్యాయశాస్త్రము చదువనక్కరలేదు.

మారిషసువారు ఓటు వేసియే ప్రతిపక్షమును పోగొట్టుకొనిరి. వారి దోషము చట్టములోనున్నది, సవరించుకొనవచ్చును. మనము ఓటు వేయకయే పోగొట్టుకొనుచున్నాము. మన దోషము మనలోనున్నది.

కావున పఠనమందిరములలో కూర్చుండి ఈ పుటలు చదువు సోదరులకు మా మనవి యిది. మీ గ్రామమున వేలపు మాట యెత్తినప్పుడు లేచి కాదనుడు. పోటీచేయ దలచిన పేదవానికి నామినేషను పత్రము నింపిపెట్టుడు. గెలిచినవాడు మీ మిత్రుడైనను గ్రామసభకు వెళ్లి లెక్క అడుగుడు. ఓడినవానిని ఎగతాళి చేయకుడు. అతడు అయిదేండ్లు మీ పక్షమున ప్రశ్నింపదగినవాడు. ఇంకను వ్రేలిముద్ర వేయువారు మీ వీథిలో నున్నచో, మూడుమాసములు సాయంకాలమొక గంట వారికి కేటాయించి పేరు వ్రాయుట నేర్పుడు.

1948లో సముద్రమునకు ఆవల ఒక తెలుగు కూలి, కొడవలి కాపు కాచిన వ్రేళ్లతో, రాత్రిబడిలో తన పేరు వ్రాయ నేర్చి ఓటుపెట్టెయొద్దకు నడచెను. అతని మనుమలు 2024లో ఒక ప్రభుత్వమును మార్చిరి. ఇప్పుడు వారు చట్టమును మార్చుకొనవలెను. మనము ఆచారమును మార్చుకొనవలెను.